పాలికార్పు ఊరిలో ఒక రోజు

ప్రకటన గ్రంథము రెండు, మూడు అధ్యాయములలో కనిపించే ఏడు సంఘముల పేర్లను మన ఆదివారపు బడి పిల్లలు కూడా వరుసగా అప్పజెప్పగలరు. ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఈ ఏడు పట్టణములలో నేటికీ మహానగరముగా నిలిచి ఉన్నది స్ముర్న ఒక్కటే. దాని పేరు ఇప్పుడు ఇజ్మీర్. టర్కీ దేశములో ఇస్తాంబుల్, అంకారాల తరువాత మూడవ పెద్ద నగరమిది. ఎఫెసులో పాలరాతి వీధులు చూడవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. రాత్రికి అక్కడ కాపురముండేవారు ఎవరూ లేరు. స్ముర్నలో మాత్రము నేడు కూడా బస్సులు తిరుగుతున్నాయి, చేపలు అమ్ముతున్నారు, పిల్లలు బడికి పోతున్నారు.

2024 అక్టోబరు నెలలో మేము ఇరువది ఇద్దరము ఈ ఏడు సంఘముల ప్రాంతమును చూడబోయాము. మాలో పాస్టర్లు పద్నాలుగురు. మిగిలినవారు అమ్మగార్లు, ఇద్దరు సంఘపెద్దలు. లూథరన్‌లు, బాప్తిస్టులు, సి.ఎస్.ఐ. వారు, పెంతెకొస్తు వారు, అందరమూ కలిసే ఒకే బస్సులో ఉన్నాము. ఒకే బస్సులో అన్ని సంఘములవారు పది దినములు పోట్లాడుకోకుండా ప్రయాణము చేయుట కూడా ఒక సాక్ష్యమే గదా! ప్రయాణ కార్యక్రమములో స్ముర్నకు ఒకే ఒక దినము కేటాయించారు. చూడవలసినవి అక్కడ తక్కువేనని మా గైడు ముందే చెప్పాడు. రాళ్ల మట్టుకైతే ఆయన మాట నిజమే.

ఉదయము హోటలు బయట బండి మీద నువ్వులద్దిన గుండ్రని రొట్టెలు అమ్ముతున్నారు. ఇస్తాంబుల్‌లో వీటిని సిమిత్ అన్నారు. ఇజ్మీర్ వారు గెవ్రెక్ అంటారు. అవి తిని, చిన్న గాజు గ్లాసులలో పాలు లేని టీ త్రాగి (ఆ టీకి మా అమ్మగార్లు చివరి దినము వరకు అలవాటు పడలేదు) పాత పట్టణపు సంతవీధికి బయలుదేరాము. దీనిని అగోరా అంటారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో ఏథెన్సునందు పౌలు ప్రతిదినము తర్కించిన సంతవీధి వంటిదే ఇది. చుట్టూ అపార్టుమెంట్లు, మధ్యలో గడ్డి, స్తంభములు. క్రీ.శ. 178లో పెద్ద భూకంపము వచ్చి స్ముర్న కూలిపోతే, మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి సహాయముతో దీనిని మరల కట్టారు. భూకంపములు ఈ ఊరికి క్రొత్త కాదు. 2020 అక్టోబరు 30న వచ్చిన భూకంపములో కూడా ఇజ్మీర్‌లో వందమందికి పైగా చనిపోయారు.

సంతవీధికి ఉత్తరపు వైపున ఒక పొడవైన కట్టడము ఉంది. పై భాగము కూలిపోయింది గాని నేలమాళిగ నిలిచింది. వరుసగా కమానులు, చల్లని నీడ, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. ఈ నేలమాళిగ గోడల సున్నము మీద ఆనాటి జనులు గీసిన గీతలు, వ్రాతలు ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో బయటపడ్డాయి. ఓడల బొమ్మలు, పొడుపు కథలు, ప్రేమించిన వారి పేర్లు. మన ఊరి బస్టాండు గోడ మీద కుర్రవాళ్లు వ్రాసేవి లేవూ, అటువంటివే. వాటి మధ్య ఒకచోట రెండే గ్రీకు మాటలు ఉన్నాయి. వాటిని మేము గోడ మీద దగ్గరగా చూడలేదు, ఫోటోలో చూశాము. ఒక మాట ‘కూరియొస్’, అంటే ప్రభువు. రెండవది ‘పిస్తిస్’, అంటే విశ్వాసము. ఈ రెండును సమానమని అక్కడ వ్రాసి ఉన్నది.

గ్రీకు భాషలో అక్షరములే అంకెలు. మన పూర్వులకు కటపయాది లెక్క ఉన్నట్లే వారికి కూడా ప్రతి అక్షరమునకు ఒక విలువ ఉంది. ప్రకటన 13:18లో పేరును లెక్కించు మాట చదివినవారికి ఇది సులభముగానే అర్థమవుతుంది. ‘కూరియొస్’ అక్షరములు కూడితే 800. ‘పిస్తిస్’ అక్షరములు కూడితే 800. ఎవరో ఒక విశ్వాసి సంతకు వచ్చి, చేతిలో ఉన్న బొగ్గుతోనో మేకుతోనో ఆ లెక్క గోడ మీద పెట్టిపోయాడు. ఇది రెండవ శతాబ్దపు తొలి భాగమునాటిదై ఉండవచ్చునని ఈ వ్రాతలను పరిశోధించిన రోజర్ బాగ్నాల్ అనే పండితుడు 2016లో ప్రచురించిన గ్రంథములో అభిప్రాయపడ్డాడు. అదే నిజమైతే ఆ చేయి ఎవరిదో గాని, ఆ మనిషి పాలికార్పు సంఘములోని సభ్యుడే అయి ఉండాలి. ఎందుకంటే ఆ కాలములో స్ముర్న సంఘమునకు బిషప్పు ఆయనే.

ఇప్పుడు మనకు ‘ప్రభువు’ అన్న మాట చాల తేలిక. ప్రార్థన మొదలుపెడితే నిమిషానికి పదిసార్లు అంటాము. స్ముర్నలో అది తేలిక మాట కాదు. ఈ ఊరు రోమాకు ఎంత విధేయమైనదంటే, రోమా ఈ దేశమును ఏలకముందే, క్రీ.పూ. 195లోనే ‘రోమా దేవత’కు గుడి కట్టించింది. క్రీ.శ. 26లో తిబెరి చక్రవర్తికి గుడి కట్టుకొనే గౌరవము మాకు కావాలంటే మాకు కావాలని ఆసియాలోని పదకొండు పట్టణములు రోమాలో పోటీపడ్డాయి. గెలిచింది స్ముర్న. అటువంటి ఊరిలో కైసరే ప్రభువు. చిటికెడు ధూపము నిప్పుల మీద వేసి, ఆ ఒక్క మాట అని, తరువాత ఇంటికి పోయి నీ ఇష్టమైన దేవుని నీవు కొలుచుకో, ఎవరూ అడ్డుచెప్పరు. అడిగేది ఇంతే. ఈ ‘ఇంతే’ అన్నదానిని గూర్చే మేము ఆ దినమంతా మాట్లాడుకున్నాము.

మధ్యాహ్నము పరిశుద్ధ పాలికార్పు దేవాలయమునకు వెళ్లాము. ఇది కతోలికుల దేవాలయము. మొదట పదిహేడవ శతాబ్దములో కట్టబడినది. ఎత్తైన హోటళ్ల మధ్య, పెద్ద రోడ్డు ప్రక్కన గోడల వెనుక దాగి ఉన్నది. బయట నుండి చూస్తే దేవాలయమని కూడా తెలియదు. గేటు మూసి ఉంటే గంట నొక్కి నిలబడ్డాము. 1922 సెప్టెంబరులో ఈ నగరములో చెలరేగిన అగ్నిలో గ్రీకు, అర్మేనియా క్రైస్తవుల పేటలు కాలి బూడిదయ్యాయి. అంతకుముందు వేలకొలది క్రైస్తవ కుటుంబములు ఉన్న ఈ నగరములో నేడు మన విశ్వాసులు పిడికెడుమంది మాత్రమే.

లోపల గోడల నిండా, పైకప్పు నిండా చిత్రములే. పంతొమ్మిదవ శతాబ్దపు చివరలో రేమండ్ పెరే అనే ఫ్రెంచివాడు వీటిని చిత్రించాడు. సముద్రతీరమున ఇజ్మీర్‌కు గుర్తుగా 1901లో కట్టిన గడియార స్తంభము నమూనా కూడా ఆయనదే. పాలికార్పు హతసాక్షి అయిన చిత్రములో చేతులు కట్టబడి నిలబడిన ఒక మనిషికి పెరే తన ముఖమునే పెట్టుకున్నాడని చెబుతారు. మాలో బొమ్మలంటే ఇష్టపడని సహోదరులు కొందరున్నారు. వారు కొంతసేపు బయటి అరుగు మీద కూర్చున్నారు. ఎవరి మనస్సాక్షి వారిది.

అక్కడ బల్లల మీద కూర్చుని మేము పాలికార్పు చరిత్రను మరల ఒకసారి గుర్తుచేసుకున్నాము. మనలో చాలమందికి ఆయన చనిపోయిన విధము తెలుసు గాని బ్రతికిన విధము తెలియదు. ఆయన సుమారు క్రీ.శ. 70 ప్రాంతములో పుట్టాడు. అపొస్తలుల వద్ద ఉపదేశము పొందాడని ఐరేనియస్ వ్రాశాడు. ఈ ఐరేనియస్ చిన్నతనములో స్ముర్నలో పాలికార్పు మాటలు విన్నవాడు. తరువాత ఇప్పటి ఫ్రాన్సులోని లియోను పట్టణమునకు బిషప్పయ్యాడు. ముసలితనములో తన పాత స్నేహితుడొకనికి వ్రాస్తూ, పాలికార్పు ఎక్కడ కూర్చుని మాట్లాడేవాడో, ఎలా లోపలికి వచ్చేవాడో, ఎలా బయటికి వెళ్లేవాడో, యోహానుతోను ప్రభువును కన్నులారా చూచిన ఇతరులతోను తాను గడిపిన దినములను గూర్చి ఎలా చెప్పేవాడో, ఇవన్నీ నిన్న మొన్నటి సంగతులకంటె బాగా తనకు జ్ఞాపకమున్నవని చెప్పాడు. బోధకులమైన మనము ఏ ప్రసంగము చేశామన్నది పిల్లలు మరచిపోతారు. మనము కూర్చున్న తీరు, నడిచిన తీరు వారికి ఉండిపోతుంది. మా అమ్మగార్లలో ఒకరు ఈ మాట విని తన భర్తవైపు చూశారు. ఆయన చూపు తప్పించుకున్నాడు.

పాలికార్పు వయస్సులో చిన్నవాడుగా ఉన్నప్పుడే, రెండవ శతాబ్దపు మొదటి సంవత్సరములలో, అంతియొకయ బిషప్పయిన ఇగ్నేషియస్‌ను సైనికులు సంకెళ్లతో రోమాకు తీసుకొనిపోతూ స్ముర్నలో ఆగారు. స్ముర్న విశ్వాసులు ఆయనకు పరిచర్య చేశారు. ఆయన ఇక్కడ కూర్చునే ఎఫెసు, మగ్నేసియ, త్రల్లె, రోమా సంఘములకు నాలుగు ఉత్తరములు వ్రాశాడు. తరువాత త్రోయ చేరి మరి మూడు వ్రాశాడు. వాటిలో ఒకటి పాలికార్పుకు. మృగముల నోటికి పోతున్న మనిషి చిన్న పాస్టరుకు ఏమి వ్రాసి ఉంటాడని మేము అనుకున్నాము? పెద్ద పెద్ద వేదాంత సంగతులనే అనుకుంటాము. ఆయన వ్రాసినవి ఇవి: విధవరాండ్రను నిర్లక్ష్యము చేయవద్దు, వారికి ప్రభువు తరువాత దిక్కు నీవే. కూడికలు ఇంకా తరచుగా జరిపించు. ప్రతివారిని పేరు పేరున వెదకి పిలువు. దాసులను, దాసీలను చులకనగా చూడకు. మంచి శిష్యులను మాత్రమే ప్రేమిస్తే అందులో గొప్పేమీ లేదు; తలనొప్పిగా ఉన్నవారినే సాత్వికముతో లోబరచుకో. దెబ్బలు తింటూ కదలకుండా నిలిచే దాగలి వలె ఉండు.

దాగలి అంటే మన పల్లెవారికి వేరే చెప్పనక్కరలేదు. కమ్మరి కొలిమి దగ్గర ఎన్ని సుత్తులు అరిగిపోతాయో, దాగలి మాత్రము అలాగే ఉంటుంది. అయితే మాలో పెద్దాయన, నలభై ఏండ్లుగా ఒకే పల్లెలో సేవ చేస్తున్న అయ్యగారు, ఒక మాట అన్నారు. “దాగలి మీద పడే దెబ్బలు దాగలి కోసము కాదు నాయనా. దాని మీద ఉన్న ఇనుము కోసము. నాగలికర్రు తయారుకావాలంటే దెబ్బ దాగలికి కూడా తగలాలి.” ఇది ఇగ్నేషియస్ ఉత్తరములో లేదు. అయినా వ్రాసుకున్నాము.

పాలికార్పు స్వయముగా వ్రాసిన ఉత్తరము ఒకటి మనకు మిగిలి ఉన్నది. అది ఫిలిప్పీ సంఘమునకు. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన సంతోషభరితమైన పత్రికను మనమెరుగుదుము. రెండు తరములు గడిచేసరికి అదే సంఘములో వాలెన్సు అనే పెద్ద, అతని భార్య ధనాశలో పడి అపకీర్తి తెచ్చారు. సంగతి స్ముర్న దాకా పాకింది. పాలికార్పు ఏమన్నాడు? తన ఉత్తరమంతటిలో ధనాపేక్షను గూర్చి కఠినముగానే హెచ్చరించాడు. కాని వాలెన్సు పేరు వచ్చిన చోట ఆ దంపతుల కొరకు తాను మిక్కిలి దుఃఖిస్తున్నానని చెప్పి, వారికి నిజమైన మారుమనస్సు దొరకాలని కోరి, వారిని శత్రువులుగా ఎంచవద్దని, దారితప్పిన బలహీన అవయవములుగా మరల పిలుచుకోమని, అప్పుడే శరీరమంతా బాగుపడుతుందని వ్రాశాడు.

ఇది చదివినప్పుడు మా మధ్య చాలసేపు మౌనము కలిగింది. కానుకల లెక్కలలో తేడా వచ్చిన చోట మనము సాధారణముగా చేసేవి రెండే. పెద్దమనిషి మనవాడైతే కప్పిపుచ్చుతాము. మనవాడు కాకపోతే నోటీసు బోర్డులో పేరు వ్రాసి, ఊరంతా చాటి, చివరకు కోర్టుకు పోతాము. మా ప్రాంతములో ఒక సంఘము ఇటువంటి తగాదాలోనే రెండుగా చీలింది. ఇప్పుడు ఒకే వీధిలో రెండు మైకులు ఎదురెదురుగా మ్రోగుతున్నాయి. పాపమును పాపమని పేరు పెట్టి చెప్పుచూ ఆ పాపి కొరకు ఏడ్చుట అనే మూడవ మార్గము స్ముర్న పాస్టరుగారికి తెలుసు.

సాయంకాలము నాలుగు గంటలకు కదిఫెకలే ఎక్కాము. మఖమలు కోట అని ఆ పేరుకు అర్థము. పూర్వము దీనిని పాగొసు కొండ అనేవారు. బస్సు కొంతదూరము పోయి ఆగింది; మిగిలినది నడక. దారిలో పేదల ఇండ్లు, ఆరవేసిన బట్టలు, గుమ్మాల మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న స్త్రీలు. వారిలో ఒకామె మా అమ్మగార్ల చీరలు చూసి నవ్వి, గుప్పెడు ఎండు అంజూరపు పండ్లు చేతిలో పెట్టింది. పైన పాడుపడిన కోటగోడ. దిగువన నగరమంతా, దాని ముందు నీలముగా అఖాతము. ఈ కొండవాలులోనే ఆనాటి క్రీడారంగము ఉండేది. ఇప్పుడు దాని మీద ఇండ్లు లేచాయి. చూపించడానికి గైడు వద్ద ఏమీ లేదు. అటువైపు ఎక్కడో అని చేయి చాచాడు.

సుమారు క్రీ.శ. 155లో అక్కడ జరిగినదానిని స్ముర్న సంఘము ఫిలొమేలియు అనే ఊరి సంఘమునకు ఉత్తరముగా వ్రాసి పంపింది. క్రొత్త నిబంధన బయట ఒక హతసాక్షి మరణమును గూర్చి మనకు దొరికిన మొట్టమొదటి వృత్తాంతము ఇదే. మేము గోడ నీడలో కూర్చుని, ఆ ఉత్తరములో ఉన్న సంగతిని ఒకరి తరువాత ఒకరము చెప్పుకున్నాము.

హింస మొదలైనప్పుడు పాలికార్పు ఊరు విడువనన్నాడు. విశ్వాసులు బ్రతిమాలితే పొలములోని ఇంటికి, అక్కడి నుండి మరొక పొలమునకు వెళ్లాడు. దాగుకొనుట అవిశ్వాసమని ఆయన అనుకోలేదు. సైనికులు ఇద్దరు దాసులైన కుర్రవాళ్లను పట్టుకొని హింసిస్తే ఒకడు చోటు చెప్పేశాడు. శుక్రవారము రాత్రి భోజనము వేళ గుఱ్ఱముల మీద ఆయుధములతో వచ్చారు, దొంగను పట్టుకొన వచ్చినట్టు. ఆయన మేడగదిలో ఉన్నాడు. ఇంకా తప్పించుకొనే వీలున్నా దేవుని చిత్తమే జరుగునుగాక అన్నట్లుగా క్రిందికి దిగివచ్చాడు. వచ్చినవారితో మాట్లాడాడు. ఆకలితో ఉన్నారని వారికి తిన్నంత భోజనము, త్రాగినంత పానీయము పెట్టించాడు. నాకు ఒక గంట ప్రార్థనకు సెలవివ్వండి అని అడిగాడు. వారు సరేనన్నారు. ఆయన నిలబడి రెండు గంటలు ప్రార్థించాడు.

ఏమని ప్రార్థించాడు? తన జీవితములో ఎప్పుడైనా తనకు తారసపడిన ప్రతివారిని, చిన్నవారిని, పెద్దవారిని, పేరున్నవారిని, ఊరూ పేరూ లేనివారిని, లోకమంతట ఉన్న సంఘమును జ్ఞాపకము చేసుకున్నాడని ఉత్తరము చెబుతున్నది. మనవాళ్ల ప్రార్థన పది నిమిషములు దాటితే వెనుక వరుసలోవారు గడియారము చూసుకుంటారు. ఆయనకు ఎనభై ఆరేండ్లు, ఇంకా ఎక్కువే కావచ్చు. గుమ్మములో సైనికులున్నారు. అయినా రెండు గంటలు పట్టిందంటే, ఎన్ని పేర్లు ఆ ముసలాయన మనస్సులో ఉన్నాయో! ప్రతివారిని పేరు పేరున వెదకమని ఇగ్నేషియస్ వ్రాసినప్పటి నుండి అప్పటికి నలభై ఏండ్లకు పైగా గడిచాయి. ఆ మాట ఆయన మరువలేదని ఆ రెండు గంటలే చెబుతున్నాయి. ఇటువంటి ముసలివానిని పట్టుకొనుటకు ఎందుకు వచ్చామా అని వచ్చినవారిలో అనేకులు బాధపడ్డారట.

తరువాత గాడిద మీద ఎక్కించి ఊరికి తెచ్చారు. శాంతిభద్రతల అధికారి హేరోదు, అతని తండ్రి నికేతు ఎదురువచ్చి తమ రథములో కూర్చోబెట్టుకున్నారు. వారు తిట్టలేదు, కొట్టలేదు. బుజ్జగించారు. కైసరును ప్రభువనుటలో, కాస్త ధూపము వేయుటలో తప్పేముంది, ప్రాణము దక్కుతుంది గదా అన్నారు. మొదట ఆయన ఏమీ మాట్లాడలేదు. వారు విడువకపోతే, మీరు చెప్పినది చేయను అన్నాడు. అప్పుడు వారి మంచితనము పోయింది. రథము నుండి త్రోసివేస్తే ఆయన మోకాలి క్రింద చర్మము గీరుకుపోయింది. ఏమీ జరగనట్లు లేచి నడిచాడు. ఇంత చిన్న సంగతిని కూడా చూచి వ్రాసినవారు ఎవరో గాని, వారు ఆయనను ప్రేమించినవారు.

క్రీడారంగములో అధిపతి కూడా అలాగే మొదలుపెట్టాడు: నీ వయస్సు చూసుకో. నాస్తికులను తొలగించుమని కేకవేయి. ఆ దినములలో విగ్రహములు లేని క్రైస్తవులను నాస్తికులనేవారు. పాలికార్పు ఆ జనసమూహమంతటి వైపు చేయి చూపి, పైకి చూచి నిట్టూర్చి, ఆ మాటే వారిని గూర్చి అన్నాడు. క్రీస్తును దూషించుమన్నప్పుడు, ఎనభై ఆరు సంవత్సరములు ఆయన సేవ చేశాను, నాకు ఏ అన్యాయమూ చేయలేదు, నా రాజును నా రక్షకుని ఎలా దూషించగలను అన్న భావముతో ఆయన ఇచ్చిన జవాబు మీరందరూ ప్రసంగములలో వినే ఉంటారు. మేకులు కొట్టవద్దన్నాడు, కట్టితే చాలన్నాడు. అగ్ని ఓడ తెరచాప వలె ఆయన చుట్టూ వంగిందని, చివరకు కత్తితో పొడిచారని వ్రాశారు. స్ముర్నలో ఫిలదెల్ఫియ వారితో కలిపి ఆయన పన్నెండవ హతసాక్షి.

ఇంతవరకు మన ప్రసంగములలో వస్తుంది. ఆ ఉత్తరములో ఉన్న మరొక మనిషి మాత్రము రాడు. అతని పేరు క్వింతు, ఫ్రుగియ దేశస్థుడు. హింస వచ్చిందని విని తనంతట తానే ముందుకు పోయి పేరిచ్చాడు, ఇంకొందరిని కూడా ప్రేరేపించాడు. మృగములను చూడగానే భయపడి ధూపము వేశాడు. స్ముర్నవారు ఈ సంగతిని దాచలేదు. తమంతట తాము పోయి అప్పగించుకొనేవారిని మేము మెచ్చుకొనము, సువార్త అలా నేర్పదు అని వ్రాశారు. క్వింతును గూర్చి అంతకుమించి ఒక్క తిట్టు కూడా లేదు.

ఇక్కడే మా మధ్య వాదము పుట్టింది. యౌవనస్థుడైన ఒక పాస్టరు అన్నాడు: “అయ్యగారూ, మన సంఘములలో సగముమంది తహసీల్దారు ఆఫీసులో ధూపము వేసి వచ్చినవారే గదా.” ఆయన చెప్పినది కుల ధృవీకరణ పత్రమును గూర్చి. మన దళిత విశ్వాసులకు ఇది తెలియని సంగతి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులముల వారుగా లెక్క. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాలవాడు, మాదిగవాడు ఆంధ్రలో, తెలంగాణలో బి.సి.‘సి’ వర్గమునకు పోతాడు. ఊరిలో అతని పేట మారలేదు, అతనికి గ్లాసు వేరుగా పెట్టిన హోటలు అతని బాప్తిస్మము చూసి గ్లాసు మార్చలేదు. కాగితము మాత్రము మారింది. అందుచేత ఆదివారము బల్ల తీసుకొని, సోమవారము కాగితము మీద వేరొక మాట వ్రాయించుకొనే ఇండ్లు ఉన్నాయి.

పెద్ద అయ్యగారికి కోపము వచ్చింది. “కైసరు సింహాసనము మీద కూర్చుని ధూపము వేయమన్నాడు. ఇక్కడ ఆకలితో ఉన్న బిడ్డ ఫీజు కట్టమంటోంది. రెండూ ఒకటేనా తమ్ముడూ?” అన్నారు. యౌవనస్థుడు ఊరుకోలేదు. హేరోదు కూడా అంత మెత్తగానే అడిగాడని, తప్పేముంది అన్న మాటే ఎప్పుడూ ముందు వస్తుందని అన్నాడు. మాలో ఇద్దరు తమ పిల్లలకు బి.సి.‘సి’ పత్రమే తీసుకొని, వచ్చే సీటు రాక, ఉద్యోగము రాక నష్టపోయినవారు. వారు ఆ వాదములో నోరు విప్పలేదు. అది మేము గమనించాము.

మా అభిప్రాయము దాచము. మాట తప్పించుట మంచిదని చెప్పలేము. పాలికార్పు రథము దిగిన కొండ మీద కూర్చుని అలా చెప్పడానికి నోరు రాదు. అయితే అన్యాయమైన ఆ పేరా కొట్టివేయబడాలని అడుగక, పస్తులున్న విశ్వాసి ఇంటికి పోయి ‘నీవు ధూపము వేశావు’ అని చెప్పే బోధకుడు క్వింతు వంటివాడే. తన ప్రాణము కాదు, ఎదుటివాని బిడ్డల చదువును మృగముల ముందుకు తోస్తున్నాడు. నష్టపోయి సత్యము పలికిన ఆ ఇద్దరి పిల్లల ఫీజు సంఘము కట్టిందా? ఆ ప్రశ్న ముందు అడగాలి. ఆ సాయంత్రము మేము దానిని అడిగాము, లెక్క కూడా వేశాము. మా పద్నాలుగు సంఘముల నుండి ప్రతి నెల మొదటి ఆదివారపు కానుకలో పదవ వంతు అటువంటి పిల్లల చదువునకు వేరు పెట్టాలని కాగితము మీద వ్రాసి సంతకములు చేశాము. పదకొండు సంతకములు పడ్డాయి. ముగ్గురు కమిటీని అడిగి చెబుతామన్నారు.

దిగేముందు మా బాప్తిస్టు సహోదరుడొకడు మరొక సంగతి గుర్తుచేశాడు. పాలికార్పు తన చివరి సంవత్సరములలో రోమాకు వెళ్లాడు. పస్కా పండుగ ఏ దినమున ఆచరించాలన్నదానిలో ఆసియావారికి, రోమావారికి తేడా ఉన్నది. ఆయనకు, రోమా బిషప్పయిన అనికేతుకు ఆ విషయము కుదరలేదు. ఎవరి పద్ధతి వారు వదలలేదు. అయినా ప్రభువు బల్లను పాలికార్పు చేతనే జరిపించి అనికేతు ఆయనను గౌరవించాడు, సమాధానముతో విడిపోయారు. ఇది విని లూథరన్ అయ్యగారు, “అయితే రేపు ఫిలదెల్ఫియలో బల్ల ఎవరు జరిపిస్తారు?” అని అడిగారు. నవ్వులు. తేలలేదు. మరునాడు చివరికి పెద్ద అయ్యగారే జరిపించారు, బాప్తిస్టులందరూ తీసుకున్నారు.

చీకటి పడుతుంటే మసీదుల నుండి నమాజు పిలుపు ఒకదాని వెంట ఒకటి వినబడింది. నగరములో దీపములు వెలిగాయి. స్ముర్నవారు ఎముకలను ఏరుకొని, తగిన చోట ఉంచి, ఏటేటా ఆ దినమున కూడుకోవాలని నిర్ణయించుకున్నారు. ఫిలొమేలియు వారికి వ్రాసిన ఆ ఉత్తరము చివరిలో, మీరు చదివిన తరువాత దీనిని ఇంకా అవతల ఉన్న సహోదరులకు పంపండి అని కోరారు. వారు పంపారు. గాయు అనేవాడు ఐరేనియస్ వద్ద ఉన్న ప్రతిని చూచి ఎత్తి వ్రాసుకున్నాడు. అతని ప్రతిని చూచి కొరింథులో మరొకడు వ్రాసుకున్నాడు. అది కాలమువలన చివికిపోవుచుండగా పియోని అనేవాడు వెదకి పట్టి మరల వ్రాశాడు. ఈ పేర్లన్నీ ఆ ఉత్తరము అడుగున ఉన్నాయి. బస్సులో మా సంఘపెద్ద ఒకరు వాటిని తన నోటుబుక్కులో దించుకుంటూ, ఈ నెల పత్రిక మీరు చదివిన తరువాత ఎవరికి ఇస్తారు అని మమ్మును అడిగారు.